ఫోటోలో ఎర్రగా పడిన మా తోపు

మొన్న వాయుగుండం పట్టి ముసురు వదలని రోజుల్లో, టీవీలో వాతావరణం బొమ్మ చూపిస్తూ తిరుపతి, చిత్తూరు మీదుగా ఇంత పొడుగున ఎర్రటి మరక పులిమేసరికి, బడికి సెలవొచ్చిందని మా మనవరాలు ఎగిరి గంతేసింది గానీ, నేను మాత్రం తాగుతున్న కాఫీ గ్లాసు పక్కన పెట్టేశాను. వానకు భయపడే రకాన్ని కాదు నేను. ఆకాశం నుంచి తీసిన బొమ్మ, అందులో మన ఊరు, ఆ ఊరి మీద ఎరుపు, ఈ మూడూ ఒక్కచోట చేరితే చాలు, ఈనాటికీ నాకు పాత భయం తిరగబెడుతుంది. కోడలు చూసి, మనింట్లోకి నీళ్ళు రావులే అత్తయ్యా అని ధైర్యం చెప్పింది. నీళ్ళు వస్తాయని కాదే తల్లీ, అసలు నీళ్ళే లేని కాలంలో పట్టుకున్న భయం ఇది అని చెప్పబోయాను, కానీ ఆ పిల్ల అప్పటికే పొంగుతున్న పాల కోసం వంటింట్లోకి పరుగెత్తింది. సరే, ఇంట్లో వినే తీరిక ఎవరికీ లేనప్పుడు కాగితం మీద పెట్టుకోవడమే మేలని ఇలా కూర్చున్నాను. నా ఈడువాళ్ళు ఎవరైనా చదివితే, ఔను, అవి అట్లాంటి రోజులేనని తల ఊపుతారు, నాకు అదే పదివేలు.

ఎనభైల నాటి మాట. తిరుపతిలో ఒక ఆఫీసులో టైపిస్టుగా కొత్తగా చేరి ఆడపిల్లల హాస్టల్లో ఉండేదాన్ని. శనివారం ఆఫీసు కట్టేయగానే పుత్తూరు, నాగలాపురం మీదుగా పోయే బస్సు పట్టుకుని సత్యవేడులో దిగి, అక్కణ్ణుంచి మా ఊరికి నడిచి పోయేదాన్ని. పొలం గట్టు దాటితే అరవదేశం అన్నట్టుండే ఊరు మాది, సంతలో బేరం తెలుగులో మొదలై అరవంలో తెగేది. వరసగా వానలు మొగం చాటేసిన ఏళ్ళవి. బావుల్లో బొక్కెన వేస్తే రాయికి తగిలి ఖంగుమనేది, చెనక్కాయ చేలు మోకాలెత్తు కూడా లేవకుండానే మాడిపోయేవి, బిందె నీళ్ళ కోసం ఆడవాళ్ళు పక్క ఊళ్ళో మాటలు పడి మరీ తెచ్చుకునేవారు. అంత కరువులోనూ మా తాత నాటిన మామిడితోపు మాత్రం పచ్చగా నిలబడి ఉండేది. ఎందుకలా ఉందని మేం ఎన్నడూ ఆలోచించలేదు, అది తాత చేతి చలవ అనుకుని ఊరుకున్నాం.

మా ఇంట్లో నాయన మాటకు ఎదురు లేదు, ఆ నాయనకేమో అత్త మాటకు ఎదురు లేదు. అత్త అంటే నాయనకు సొంత అక్క. ఆమెను ఇచ్చింది శ్రీహరికోట దీవిలో, పులికాటు సరస్సు మీద పడవెక్కి పోయి పెళ్ళి చేసి వచ్చామని అమ్మ చెప్పేది. పనస, జీడిమామిడి, సరుగుడు, ఎటు చూసినా చెట్లేనట. తర్వాత ఆ దీవిని రాకెట్ల కోసం తీసుకున్నారు. అక్కడివాళ్ళకు పరిహారం ఇచ్చారు, సరస్సుకు ఇవతల గట్టు మీద వేరే చోటూ చూపించారు, అందులో అత్తకు ఫిర్యాదు లేదు, కానీ మామకు మాత్రం ఆ కొత్త ఊరు ఒంటికి పట్టలేదు. చెట్టు కింద తప్ప కునుకు పట్టని మనిషి రేకుల కింద పడుకోలేక చిక్కి చిక్కి చివరికి కన్నుమూశాడు. పిల్లాజెల్లా లేని అత్త ఒక ఇనప్పెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చేసింది.

రాకెట్ ఎగిరే రోజు మా ఊరంతా మిద్దెలెక్కేది. తూర్పున ఒక నిప్పుముద్ద లేచి, మబ్బుల్లోకి దూరి, అది కనుమరుగైన కాసేపటికి ఎక్కడో బండలు దొర్లినట్టు చప్పుడు వచ్చేది, పిల్లలు ఈలలు వేసేవారు. అత్త మాత్రం లోపలికి పోయి తలుపు గడియ వేసుకునేది. అంత నిప్పు ఇంత దూరానికే కనిపిస్తుంటే అక్కడ చెట్టూ చేమా మిగులుతాయా, ఎగిరిన ప్రతిసారీ దీవి దీవంతా తగలబడుతుందని ఆమె నమ్మకం. కాదని ఎవరం చెప్పలేదు, చెప్పడానికి మాలో చూసొచ్చినవాళ్ళు ఎవరని? నాయన మిద్దె దిగుతూ ప్రతిసారీ ఒకే మాట అనేవాడు.

"అంత ఎత్తు పొయ్యి అదేం జేస్తాదంటమ్మా? సేద్యగానికి దాంతో ఏం పని ఉండాది?"

చదువుకున్న కూతురిగా ఏదైనా చెప్పాలని నోరు తెరిచేదాన్ని గానీ, టెలిఫోన్లు, టీవీలు అని రెండు మాటలు నసిగి ఊరుకునేదాన్ని. మా ఊళ్ళో టెలిఫోనూ లేదు, టీవీ అంతకన్నా లేదు మరి.

అట్లాంటి రోజుల్లో ఒక జీపు వచ్చింది. ఎవరో ఆఫీసర్లు దిగి, ఊరి పక్క ఎండిపోయిన వాగు, అదే మా వంక, దాని పొడవునా నడిచి, రాళ్ళు సుత్తితో కొట్టి చూసి, చివరికి మా తోపు దగ్గర జీపు ఆపుకుని బానెట్ మీద పెద్ద ఫోటో ఒకటి పరిచారు. ఊరి తలారి, అంటే ఆఫీసర్లు వస్తే దారి చూపించడానికి వెంట తిరిగే మనిషి, వాళ్ళ భుజాల మధ్య నుంచి తొంగి చూశాడు. అది ఆకాశం నుంచి తీసిన మా ఊరి బొమ్మేనని వాళ్ళ మాటల్ని బట్టి అతనికి తెలిసింది. చుట్టూ బీళ్ళన్నీ తెల్లగా, బూడిదగా ఉన్నాయి, మా తోపూ, వంక గట్టూ, దాన్ని ఆనుకుని చెట్ల కింద ఉన్న ఇళ్ళూ మాత్రం రక్తం చిలకరించినట్టు ఎర్రగా ఉన్నాయి. ఆఫీసర్లు వాళ్ళలో వాళ్ళు ఇంగ్లీషులో మాట్లాడుకుని, చివర్లో ఒకాయన ఆ ఎరుపు మీద వేలు పెట్టి తెలుగులో, ఇది వదలకూడదు, మనకు కావాల్సింది ఇదే అన్నాడట. అంతే, జీపు వెళ్ళిపోయింది.

మా వైపు ఎరుపంటే ఏమిటో మీకు తెలుసు గదా. బళ్ళో తప్పినవాడి మార్కుల కింద గీసేది ఎరుపు, నరికేయాల్సిన చెట్టుకు పూసేది ఎరుపు, రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కూలగొట్టాల్సిన గోడ మీద రాసేది ఎరుపు. ఇక చెప్పేదేముంది? తలారి ఇంటికి చేరేలోపే ఆ మాట ఊరు చుట్టేసింది, పక్క ఊళ్ళకు పోయి తిరిగి వచ్చేటప్పటికి కాళ్ళూ చేతులూ మొలిపించుకుని వచ్చింది. దీవి చాలలేదట, రాకెట్లకు ఇంకా చోటు కావాలట, ఎర్రగా ఉన్నదంతా ఖాళీ చేయిస్తారట.

ఆ శనివారం నేను ఊరు చేరేసరికి చావు జరిగిన ఇల్లులా ఉంది ఊరంతా. దుక్కి మొదలుపెట్టినవాళ్ళు నాగళ్ళు ఎత్తి పెట్టేశారు, ఒకరింట్లో కుదిరిన పెళ్ళి, ముందు ఊరుందో లేదో తేలనీయండని అవతలివాళ్ళు వాయిదా వేశారట. మా అమ్మ నన్ను చూడగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరికో ఏదో అయిందనుకున్నాను. సంగటి ముద్ద ముందు పెట్టుకుని తినకుండా కూర్చున్న నాయన చివరికి చెప్పాడు, తోపు అమ్మేస్తున్నానని, గురువారం సత్యవేడు పోయి రిజిస్ట్రీ చేయించేస్తానని.

ఊరు పోతుందంటుంటే కొనేవాడెవడు అని మీకు అనుమానం రావచ్చు, నాకూ వచ్చింది. గాలివార్త పుట్టిందంటే దాని వెనకే దళారీ పుడతాడు. ఒకాయన స్కూటర్ మీద దిగి, సర్కారు పరిహారం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే ఓపిక మీకు లేదు, నాకుంది, అయినకాడికి ఇచ్చేయండి అని ఇంటింటికీ తిరిగాడు. మిగతావాళ్ళు ఊగిసలాడుతున్నారు, నాయన మాత్రం మాట ఇచ్చేశాడు. ఇప్పించింది అత్త. నేను ఎదురు చెప్పబోతే ఆమె నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"నువ్వు సూడలేదు, నేను సూసినాను. ముందు జీపులొస్తాయి. ఆమీట రాళ్ళకు ఎరుపు పూస్తారు. ఆమీట నువ్వు పెంచిన చెట్టును నువ్వే ఎనక్కి తిరిగి సూసుకుంటా పోవాల. నా కడుపు కాలినట్టు మీ నాయన కడుపు కాలగూడదు. ముందే ఇడిసిపెడితే నొప్పి తెలీదు మే."

 ఆమె నోట ఆ మాట విన్నాక తోపులోకి పోయి ఒక్కదాన్నే తిరిగాను. తాత పేరు పెట్టి పిలిచే చెట్టు ఒకటుండేది, దాని కాయ పుల్లగా ఉంటుందని అందరం తిట్టేవాళ్ళం, ఆవకాయకు మాత్రం అదే కావాలి. ఆ చెట్టు మొదలు పట్టుకుంటే ఏడుపు ఆగలేదు. ఈ చెట్లు లేకపోతే నాయన పొద్దున లేచి ఎటు నడుస్తాడో నా ఊహకు అందలేదు.

సోమవారం ఆఫీసుకైతే వచ్చాను గానీ టైపు మిషన్ మీద వేళ్ళు ఆడలేదు. అక్షరం అక్షరానికీ తప్పు, కాగితం వెంట కాగితం చించి బుట్టలో వేశాను. ఆ సాయంత్రం హాస్టల్లో అన్నం కెలుకుతూ కూర్చుంటే, నా గదిలో ఉండే అక్క పట్టుకుంది. చిత్తూరు పిల్ల, రాళ్ళూ నేలల మీద పరిశోధన చేస్తుండేది, నాకన్నా రెండు మూడేళ్ళు పెద్దది, నోరు కూడా కాస్త పెద్దదే. ఏమైందో చెప్పమని గదమాయిస్తే అంతా చెప్పాను. చెప్పడం ముగించేలోపే ఆ మనిషి పకపకా నవ్వింది! నాకు ఒళ్ళు మండిపోయింది, కంచం తీసి ఆమె మొహాన కొట్టాలనిపించింది.

"మే పిచ్చిదానా, అది పచ్చదనమే మే! పచ్చగా ఉండే ఆకే ఆ ఫోటోలో ఎర్రగా పడతాది."

నేను నమ్మలేదు. నన్ను ఓదార్చడానికి కథ అల్లుతోందనుకున్నాను. మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టించి తను చదివే చోటికి లాక్కుపోయింది. బల్ల మీద ఫోటోలు పరిచి చెప్పింది: ఆకు మీద పడిన ఎండలో మన కళ్ళకు ఆనని వెలుగొకటి తిరిగి పైకి కొడుతుందట, ఉపగ్రహానికి ఉన్న కన్ను దాన్ని పట్టుకుంటుందట, ఆ వెలుగుకు మనకు తెలిసిన రంగంటూ లేదు గనక కాగితం మీద ఎరుపు వేస్తారట. ఎంత ఎరుపైతే అంత బలమైన ఆకు. అన్నీ మాడిపోయిన ఎండాకాలంలో కూడా ఎక్కడ ఎరుపు మిగిలిందో అక్కడ వేళ్ళకు నీళ్ళు అందుతున్నట్టు లెక్క, కాబట్టి ఆ జీపువాళ్ళు వెతికింది మా ఊరిని కాదు, మా ఊరి కింద ఉన్న నీళ్ళను. బుర్రకు ఎక్కినట్టే ఉంది, గుండెకు మాత్రం ఎక్కలేదు. అప్పుడామె ఇంకో ఫోటో నా ముందుకు తోసింది. తిరుపతి, దాని నెత్తిన కొండలు. ఏడుకొండలన్నీ కుంకుమ కుప్ప పోసినట్టు ఎర్రగా ఉన్నాయి.

"సూడు. ఎర్రగా ఉండేదంతా ఖాళీ చేయించేదైతే, ముందు స్వామిని దించాల గదా కొండమీద నుంచి?"

అప్పుడు వచ్చింది నాకు ప్రాణం.  ఆ ఊరట కాసేపే, ఎందుకంటే గురువారం ఎంతో దూరంలో లేదు, మా ఊరికి కబురు పెట్టే దారి లేదు, నా మాట ఒక్కటే పట్టుకుపోతే ఇంట్లో ఎవరూ వినరు. అక్క వాళ్ళ మాస్టారిని బతిమాలి మా ప్రాంతం ఫోటో తీసుకుని చుట్ట చుట్టింది. బుధవారం పొద్దున ఇద్దరం బస్సెక్కాం. నాగలాపురం దాటాక టైరు పేలి ఎండలో నిలబడిపోతే, నాకు కాలు నిలవలేదు. నాయన తొందర మనిషి, గురువారం అన్న పనిని బుధవారమే చేసి వస్తే ఏం గతి అని ఎదురొచ్చే ప్రతి బండిలోనూ నాయనను వెతుక్కున్నాను.

ఇంటికి చేరేసరికి నాయన అరుగు మీదే ఉన్నాడు. అమ్మయ్య అనుకునేలోపే పక్కన దళారి కూడా కనిపించాడు, మర్నాడు ఎన్నింటికి బయల్దేరాలో మాట్లాడుకుంటున్నారు. అక్క మంచం వాల్చి దాని మీద ఫోటో పరిచింది. తలారి వచ్చాడు, ఇరుగుపొరుగు మూగారు. నల్లగా ఉన్నది పులికాటు అనీ, తెల్లటి గీత ఏటి ఇసుక అనీ ఆమె చూపిస్తుంటే, తలారి బీడు దిబ్బను తనంతట తానే గుర్తుపట్టి ఆశ్చర్యపోయాడు. ఎరుపు సంగతీ, నీళ్ళ సంగతీ చెప్పింది. నాయన మొహంలో ఒక క్షణం వెలుగొచ్చింది. వెంటనే దళారి, చదువుకున్న పిల్లలు, వాళ్ళకేం తెలుసు, సర్కారు లోపల్లోపల అనుకునేది వీళ్ళకు చెప్పి చేస్తుందా అన్నాడు. ఆ వెలుగు ఆరిపోయింది. మూగినవాళ్ళలో సగం మంది ఔనన్నట్టు తలలూపారు, నిప్పు లేనిదే పొగ రాదని ఎవరో అన్నారు. నాయన మాత్రం ఎవరి వైపూ చూడలేదు, గడప దగ్గర నిలబడిన అత్త వైపు చూశాడు.

అత్త మెల్లగా వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. తోపు గురించి అడగలేదు.

"మా దీవి దీంట్లో ఉండాదా అమ్మా?"

అక్క వేలితో చూపించింది. ఇటు పులికాటు, అటు సముద్రం, నడుమ పొడుగ్గా ఆ దీవి. ఆ కాగితం మొత్తం మీద అంత ఎరుపు ఇంకెక్కడా లేదు.

"ఇంత ఎర్రగా ఉంటే... ఇది మంట గాదా?"

"మంట గాదు పెద్దమ్మా, చెట్లు. అడివి అట్లనే ఉండాది. రాకెట్టు కాల్చేది ఆడ ఒక మూలే."

అత్త నమ్మినట్టు లేదు. మా తోపు మీద వేలు పెట్టించుకుంది, ఇంటి ముందు నుంచి కనిపిస్తున్న తోపును తలెత్తి చూసింది, మళ్ళీ కాగితం మీద దీవిని చూసింది. ఇది పచ్చగా ఉంది కదా, ఇక్కడ ఎర్రగా పడింది కదా అని తనలో తను గొణుక్కుంది. అట్లా ఎన్నిసార్లు చూసిందో. ఆఖరికి కొంగుతో కళ్ళు ఒత్తుకుని, మా ఇంటెనక పనసచెట్టు ఒకటుండె, అది కనిపిస్తుందా అని అడిగింది. ఒక్కో చెట్టూ విడిగా కనిపించేంత దగ్గర బొమ్మ కాదు పెద్దమ్మా ఇది అంది అక్క, పాపం చెప్పలేక చెప్పినట్టు.

"కనబడకపోతే ఏమిలే. ఆ ఎరుపులో అది గూడా ఉంటాది."

అని ఆ ఎరుపును అరచేత్తో నిమిరింది. అన్నేళ్ళుగా ఆమె కళ్ళలో తగలబడుతున్న దీవి ఆ పూట ఆరింది. లేచి నిలబడి నాయనతో ఒక్కటే మాటంది.

"అబ్బయా, నా చెట్లే ఉండాయి. నీయి యాడికి పోతాయి? అమ్మాకు."

దళారి స్కూటర్ తన్నుకుంటూ ఏమేమో అన్నాడు గానీ విన్నవాళ్ళు లేరు. నాయన తోపులోకి నడిచిపోయాడు, చీకటి పడేదాకా రాలేదు. అమ్మ మాత్రం అక్కను పట్టుకుని, ఏం తింటావో చెప్పు తల్లీ అని ఉక్కిరిబిక్కిరి చేసింది.

కొన్నాళ్ళకు ఆ జీపే మళ్ళీ వచ్చి, మా తోపు అంచున బోరు వేయించింది. చేతిపంపులో నీళ్ళు పడిన రోజు ఆడవాళ్ళు దానికి పసుపు పూసి, బొట్లు పెట్టి, టెంకాయ కొట్టారు. ఆ తర్వాత మా ఊరివాళ్ళు బిందె నీళ్ళ కోసం పరాయి ఊరి మాట పడలేదు. పైకి పోయినది సేద్యగానికి ఏం చేస్తుందన్న మాట నాయన నోట మళ్ళీ వినలేదు. అత్తయితే ఆ తర్వాత రాకెట్ ఎగిరిననాడు మా అందరికన్నా ముందు మిద్దెక్కింది. మా బొమ్మ తీసిన ఉపగ్రహం ఈ దీవి నుంచి పోయింది కాదని అక్క చెప్పిందని ఎంత చెప్పినా ఆమెకు పట్టలేదు. నిప్పుముద్ద మబ్బులోకి పోతుంటే చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తూ, పో, పొయ్యి బాగా సూడు మా చెట్లని అంది.

అత్త పోయింది, నాయనా పోయాడు. మా వైపు పెద్ద పెద్ద ఫ్యాక్టరీలు వచ్చాయి. ఈసారి ఎవరూ భయపెట్టలేదు, రాళ్ళకు రంగు పూయలేదు, గాలివార్త పుట్టలేదు, కార్లలో వచ్చి మర్యాదగా కూర్చుని మా తోపుకు మంచి ధర చెప్పారు. నాయన తర్వాత సేద్యం చూస్తున్న నా తమ్ముళ్ళు లెక్కలు చూసుకుని సరేనన్నారు, నేనూ సంతకం పెట్టాను. అమ్మకుండా ఎట్లా కాపాడుకోవాలా అని ఎదురొచ్చిన ప్రతి బండిలోకీ వెర్రిదానిలా చూసినదాన్ని, అమ్మేటప్పుడు ఆ రోజు ఎండ ఎక్కువగా ఉందని తప్ప ఇంకేమీ అనుకోలేదు. భయం లేకపోతే మనిషికి ప్రేమ కూడా గుర్తుకు రాదేమో.

ఇప్పుడు ఆకాశం బొమ్మ కోసం ఎవరినీ బతిమాలే పని లేదు. అందరి ఫోన్లలోనూ ఉంది, ఇంటి పైకప్పులతో సహా, మన కళ్ళకు కనిపించే రంగుల్లోనే. అప్పుడప్పుడు మధ్యాహ్నం పూట దీవిని తీసి చూసుకుంటాను. అదలాగే ఉంది, చిక్కటి పచ్చదనం, పోగొట్టుకున్నామని అత్త ఏడ్చిన చెట్లన్నీ ఉన్నాయి. అక్కడి నుంచి వేలిని కాస్త పడమటికి జరిపితే మా తోపు ఉండాల్సిన చోటు వస్తుంది, నేను జరపను. అత్త బతికి ఉంటే నా పక్కన కూర్చుని, నాది సూసినాం, మీ నాయనది సూపించు మే అనేది. ఏం చూపించేదాన్ని?